ఆ రాయి మీద అప్పటికే రాత ఉంది

నగరంలో గోడలకు, పిల్లర్లకు, పాత వంతెనలకు రంగులు వేయించే అధికారులకు, ఆ పనులు తీసుకునే కాంట్రాక్టర్లకు, బొమ్మలు వేసే చిత్రకారులకు,

నమస్కారం.

మాది హైదరాబాద్‌లో, మూసీలో కలిసే ఒక నాలా ఒడ్డున ఉన్న బస్తీ. ఆ నాలాలో మిగిలిన పాత రైలు వంతెన స్తంభాల మీది వరద గుర్తులను చెరిపి బొమ్మలు వేశారు, ఈ ఉత్తరం దాని గురించే. పేరు ఇక్కడ రాయడం లేదు. మీకిచ్చిన అర్జీల్లో పేరు, ఫొటోలు, కొలతలు అన్నీ ఉన్నాయి. బయట పేరు పెడితే ఏమవుతుందో తెలుసు. మా ఒక్క బస్తీకి ఒక జీపు వస్తుంది, ఎవరో ఒకరు స్తంభం పక్కన నిలబడి ఫొటో దిగుతారు, ఫైలు మూసేస్తారు. రేపు ఇంకో బస్తీలో ఇదే పని మళ్లీ జరుగుతుంది.

మూడుసార్లు అర్జీ ఇచ్చాం. ఒక ఆఫీసులో "ఆ స్థలం మాది కాదు" అన్నారు. ఇంకో ఆఫీసులో "స్థలం మాదే, పెయింటింగ్ మాది కాదు" అన్నారు. మూడోచోట "పని అయిపోయింది, బిల్లు కూడా పాసైంది, ఇప్పుడేం చేస్తాం చెప్పండి" అని ఎదురు అడిగారు. ఫోన్ యాప్‌లో పెట్టిన ఫిర్యాదుకు మాత్రం నాలుగో రోజే "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చూద్దామని చెప్పులేసుకుని నాలా దాకా నడిచాను. నీళ్లు అలాగే పోతున్నాయి, బొమ్మ అలాగే ఉంది. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు ఆ వంతెన సంగతి చెప్పాలి.

సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది 1874లో, కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి. అది పెద్ద గేజు. ఆ తర్వాత పాతికేళ్లకు మహారాష్ట్రలోని మన్మాడ్ వైపు వేసిన హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే మీటర్ గేజు. అంటే రెండు పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లు. ఇప్పుడు మనం ఎక్కే రైళ్లకు 1,676. 1992లో దేశమంతా ఒకే గేజు చేయాలని మొదలుపెట్టాక మన దగ్గరి చిన్న పట్టాలు ఒక్కొక్కటిగా పోయాయి. మా దగ్గర కొత్త లైను కాస్త పక్కకు జరిగింది. పాత వంతెన గర్డర్లు విప్పి లారీల్లో తీసుకెళ్లారు. నాలాలో రెండు రాతి స్తంభాలు, ఒడ్డున ఒక రాతి గోడ మిగిలాయి. బస్తీలో వాటిని "పాత ఖంబాలు" అంటాం. అడ్రస్ చెప్పాలన్నా అదే: పాత ఖంబాల దగ్గర దిగండి.

మా నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. వానాకాలం వస్తే రాత్రి ప్యాట్రోలింగ్ డ్యూటీ పడేది. చేతిలో దీపం, మెడలో విజిల్, సంచిలో డిటొనేటర్లు (ప్రమాదముంటే డ్రైవరుకు తెలిసేలా పట్టాల మీద పెట్టే టపాకాయల్లాంటివి) పెట్టుకుని పట్టాల వెంట నడవడం. వంతెన దగ్గరికి వచ్చాక చేయాల్సిన మొదటి పని ఖంబాను చదవడం. అవును, ఆయన ఆ మాటే అనేవాడు. రైలు వంతెన స్తంభం మీద రెండు గుర్తులు ఉంటాయి. ఒకటి, ఎప్పుడో వచ్చిన పెద్ద వరద ఎక్కడి దాకా ఎక్కిందో చూపే గీత, పక్కన సంవత్సరం. రెండోది ఎర్ర పట్టీ. నీళ్లు దాన్ని తాకాయంటే ప్రమాదం మొదలైనట్టు, రైలు ఆపాల్సిందే. చదువు రాని మా నాయన ఉద్యోగమంతా ఆ రెండు గుర్తులు చదివే చేశాడు.

రైళ్లు ఆగిపోయాక ఆ ఖంబాలకు రంగు వేసే పని ఎవరిదీ కాకుండా పోయింది. నాయన మాత్రం మానలేదు. ఏటా మృగశిర కార్తెకు ముందు, ఊరంతా చేప మందు గురించి మాట్లాడుకునే రోజుల్లో, ఆయన నిచ్చెన, అర లీటరు ఎర్ర రంగు, పాత చీపురుపుల్లల బ్రష్షు పట్టుకుని నాలాలోకి దిగేవాడు. రిటైరయ్యాక కూడా. మా అమ్మ "నీకు ఇంకా జీతం ఇస్తున్నరా" అని అరుస్తుండేది.

ఎందుకంటే అప్పటికి ఆ గుర్తులు రైలు కోసం కాదు, మా కోసం పనిచేస్తున్నాయి. ఎర్ర పట్టీ కింది నుంచి తొమ్మిదో వరుస రాయి మీద ఉండేది. నాలా అంచున ఉన్న మొదటి ఇంటి గడప పదకొండో వరుసతో సమానం. వరుస అంటే దాదాపు అడుగు. కాబట్టి నీళ్లు ఎర్ర పట్టీని తాకాయంటే ఇంకా రెండడుగుల టైమ్ ఉన్నట్టు. వానను బట్టి అది అరగంట కావచ్చు, ముప్పావుగంట కావచ్చు. ముసలివాళ్లను లేపడానికి, గ్యాస్ బండ పైకి ఎక్కించడానికి, పిల్లల సర్టిఫికెట్లున్న కవరు పట్టుకుని రోడ్డు మీదికి రావడానికి ఆ టైమ్ సరిపోతుంది. ఇరవై ఏళ్లుగా సరిపోయింది.

నాయన నోట్‌బుక్కు నా దగ్గర ఉంది. ఆయన చెప్తే నేను రాసినవి. "2000 ఆగస్టు 24: 14వ వరుస రాయి సగం." ఆ రోజు బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడింది, నగరంలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "2020 అక్టోబర్ 13 రాత్రి: 15వ వరుస పైఅంచు." ఈ రెండో గీత గీసింది నేను. అప్పటికి నాయన నాలాలోకి దిగలేకపోతున్నాడు. ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని "వంకర పోతున్నది, చెయ్యి దించు" అని చెప్తుంటే గీశాను. మరుసటి ఏడాది ఆయన పోయాడు.

వీటికన్నా పైన ఇంకో పాత గీత ఉండేది, రాయిలోకి చెక్కింది. పక్కన అంకెల్లో మొదటి రెండు "19" అని తెలిసేవి, మిగతావి అరిగిపోయాయి. అది 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరదదే అని బస్తీలో పెద్దవాళ్లు గట్టిగా వాదించేవారు. నాయన ఒప్పుకునేవాడు కాదు. కనబడని అంకెను మనం చదవకూడదు అనేవాడు. ఆయన నోట్‌బుక్కులో ఆ గీత ఎదుట సంవత్సరం ఖాళీగానే ఉంది.

ఇక జరిగింది చెప్తాను. రెండేళ్ల కింద ఒక ఉదయం కంప్రెసర్ మిషన్ వచ్చింది. ఇసుకను గట్టిగా ఊది ఖంబాల మీది రంగునంతా లేపేశారు. రాళ్ల అతుకుల్లో సిమెంటు పూశారు. దాని మీద తెల్ల ప్రైమరు, ప్రైమరు మీద నీలం రంగు. ఒక ఖంబా మీద పొగ వదులుతున్న ఆవిరి ఇంజన్ బొమ్మ. రెండో ఖంబాకు గ్రానైటు పలకలు బిగించి, వాటి మీద తెలుగులో నాలుగు వాక్యాలు చెక్కారు. చుట్టూ గులాబీ, ఆకుపచ్చ ఎల్‌ఈడీ లైట్లు. మొదటి వారం మేమూ పోయి సెల్ఫీలు దిగాం. అబద్ధం చెప్పడం ఎందుకు. గుర్తులు పోయాయని మాకు కూడా వెంటనే తట్టలేదు. ఎండాకాలం కదా.

తట్టింది పోయిన వానాకాలంలో, ఒక రాత్రి ఒంటిగంట దాటాక. నాలా అంచు మొదటి ఇల్లు మాకు వదిన వరస అయ్యే ఆమెది. బ్లౌజులు కుట్టి బతుకుతుంది. నీళ్ల చప్పుడుకు లేచి, అలవాటు ప్రకారం వంటింటి కిటికీలోంచి ఖంబా మీదికి టార్చి వేసింది. ఇంతకుముందు ఆ వెలుతురుకు ఎర్ర పట్టీ మెరిసేది. ఆ రాత్రి నీలం ఇంజన్ కనబడింది. నీళ్లు ఇంజన్ చక్రాన్ని తాకుతున్నాయి. చక్రం తడిస్తే లేవాలా, పొగగొట్టం తడిస్తే లేవాలా? ఆమెకేం తెలుసు. "ఇంకా చక్రం దగ్గరే కదా" అనుకుని మళ్లీ పడుకుంది. మళ్లీ లేచేసరికి మంచం కింద నీళ్లు. ఆ రాత్రి నీళ్లు పన్నెండో వరుస దాకా వచ్చాయి. అంటే వాళ్లింట్లో అడుగు లోతు. ప్రాణాలు పోలేదు, దేవుడి దయ. కుట్టు మిషన్ మోటారు కాలిపోయింది. కుట్టడానికి జనం ఇచ్చిన బట్టలు బురదలో తడిశాయి. దసరా ముందు రోజులవి. ఎవరి చీర ముక్క ఏదో ఆమెకు ఇప్పటికీ లెక్క తేలలేదు.

ఇప్పుడు మా ఫిర్యాదులు వరసగా పెడుతున్నాను.

1. మీరు ఖాళీ రాయి అనుకున్నది ఖాళీ రాయి కాదు. పని మొదలుపెట్టే ముందు ఒక్క మనిషి వచ్చి "ఈ గీతలేంటి" అని అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవాళ్లు. టీ కొట్టు అబ్బాయి చెప్పేవాడు. వంతెన మీద మొదట రాసింది రైల్వే, ఆ తర్వాత మా నాయన, ఆ తర్వాత నేను. దాన్ని చెరిపి మీరు రాశారు. "ప్రజా కళ" అని బోర్డు పెట్టారు కాబట్టి అడుగుతున్నాను, చెరిపింది ఎవరి రాత?

2. లైట్ల కరెంటు పెట్టె. ఇది చదివేటప్పుడు దయచేసి ఒక్క నిమిషం ఆగండి. ఆ పెట్టెను పదమూడో వరుస రాయికి బిగించారు. 2000లో నీళ్లు పద్నాలుగో వరుస దాకా, 2020లో పదిహేను దాకా ఎక్కాయి. పోయిన ఏడాది పన్నెండు. ఇంకొక్క వరుస ఎక్కి ఉంటే నడుము లోతు నీళ్లలో సామాను మోస్తున్న మా పిల్లల పక్కన కరెంటు ఉండేది. ఆ పెట్టె బిగించిన ఎలక్ట్రీషియన్ మూర్ఖుడేం కాదు. ఆయన డ్రిల్లు పెట్టిన చోటికి రెండడుగుల పైన 2020 అని ఒక గీత ఉండుంటే ఆయనే దాన్ని పైకి జరిపేవాడు. అప్పటికే మీరు దాన్ని ఊదేశారు.

3. పలక మీద తెలుగు. నాది డీటీపీ షాపు. రోజూ పెళ్లి కార్డులు, కరపత్రాలు, అర్జీలు టైపు చేస్తాను, కాబట్టి ఈ విషయంలో నాకు కోపం కాస్త ఎక్కువే, క్షమించండి. మొదటి మాటే "జ్ఞాపకాల వంతెన". పలక మీద అది "జ్‌ఞాపకాల వంతెన" అయింది. జ కింద ఉండాల్సిన ఞ పక్కకొచ్చి నిలబడింది. "స్ఫూర్తి" విడిపోయి "స్‌ఫూర్తి" అయింది. "రైల్వే"లో వకారం వత్తు ఊడి "రైల్‌వే" అయింది. ఇది ఎలా జరిగిందో చూడగానే తెలిసింది. వాట్సాప్‌లో వచ్చిన యూనికోడ్ తెలుగును డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేశారు. దక్షిణాసియా లిపుల సెట్టింగు ఆన్ చేయలేదు. అంతే, వత్తులన్నీ ఊడిపోయాయి. పాత అను ఫాంట్ల కాలం నుంచి మా షాపుల్లో అందరూ పడే తిప్పలే ఇవి. ఫ్లెక్సీ మీద వచ్చిందంటే వారంలో చిరిగిపోతుంది, నవ్వుకుంటాం. మీరు గ్రానైటు మీద అర అంగుళం లోతున చెక్కించారు.

నగరానికి పక్కనే కీసరగుట్ట మీద విష్ణుకుండిన రాజుల కాలం నాటి ఒక తెలుగు మాట బండకు చెక్కి ఉంది. రాయి తొలిచేవాళ్లు అని దాని అర్థం. రాళ్లు కొట్టేవాళ్లు పదిహేను వందల ఏళ్ల కింద వదిలిపోయిన ఆ ఒక్క మాట ఇవాళ్టికీ పండితులకు పాఠం. మీ పలక కూడా అన్నేళ్లు ఉంటుందేమో. అప్పటివాళ్లు దాన్ని చూసి మన కాలంలో తెలుగు ఇలాగే రాసేవారు కాబోలు అనుకుంటారు. మా రెండో అబ్బాయి నాలుగో తరగతి. ఆ పలక చూసి వచ్చి నోట్సులో జ్ఞానం అన్న మాటను అలాగే విడగొట్టి రాశాడు. టీచర్ తప్పు పెడితే "రాయి మీద అట్లనే ఉంది" అన్నాడంట.

4. అతుకుల్లో సిమెంటు. పాత వంతెనలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం తడిని పీలుస్తుంది, వదులుతుంది. దాని మీద సిమెంటు పూసి, ఆపైన ఆయిల్ పెయింటు వేస్తే లోపలి తడి బయటికి రాలేదు. నీలం రంగు ఇప్పటికే బొబ్బలెక్కి పెచ్చులు ఊడుతోంది. గోరుతో లేపితే వెనక తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటోంది. ఇంజనీర్లకు ఇది మేం చెప్పక్కర్లేదు.

5. రాళ్ల మూలల్లో చిన్న చిన్న గుర్తులుండేవి. ఒకచోట చుక్కలు, ఒకచోట బాణం, ఒకచోట నిచ్చెన లాంటిది. రాళ్లు కొట్టినవాళ్లు కూలి లెక్క కోసం పెట్టుకున్నవని నాయన అనేవాడు. వాటిలో ఇప్పుడు రెండే మిగిలాయి, ప్రైమరు సరిగ్గా పడని చోట. పలక కింద ప్రారంభించినవారి పేర్లు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. వాటిలో ఒక్క వత్తు కూడా తప్పు లేదు, గమనించాను.

చిత్రకారులతో వేరుగా ఒక మాట.

బొమ్మలంటే మాకు పడదనుకోకండి. 2016లో ఖైరతాబాద్ దగ్గర మక్తాలో ఇళ్ల గోడల నిండా వేసిన పెద్ద బొమ్మలు చూపించడానికి మా పిల్లల్ని నేనే బండి మీద తీసుకెళ్లాను. ఆ గల్లీల్లోకి మామూలుగా ఎవరు పోతారు? బొమ్మలొచ్చాక అందరూ పోయారు. కళ చేసే పని అది. మా ఖంబాల మీద ఇంజన్ వేసిన కుర్రాడితోనూ మాట్లాడాను. మంచి చెయ్యి. డిజైన్ పైనుంచి ఫోన్లో వచ్చిందని, కూలి రోజు లెక్కన ఇచ్చారని, రాళ్ల మీద అంకెలు చూసి "ఇవి ఉంచాలా అన్నా" అని మేస్త్రీని అడిగితే "తొందరగా కానీ" అన్నాడని చెప్పాడు. అంటే అడిగిన మనిషి ఒకడున్నాడు. కాబట్టి నా కోపం బ్రష్షు పట్టుకున్నవాళ్ల మీద కాదు.

కానీ మీరు అడగడం మానకండి. అదే 2016లో రోమ్ నగరంలో విలియం కెంట్రిడ్జ్ అనే దక్షిణాఫ్రికా కళాకారుడు టైబర్ నది గట్టు గోడ మీద అర కిలోమీటరు పొడవున బొమ్మలు వేశాడు. చుక్క రంగు వాడలేదు. ఏళ్ల తరబడి గోడకు పట్టిన మసిని, నాచును స్టెన్సిళ్లు అడ్డం పెట్టి నీళ్లతో కడిగాడు. కడిగిన చోట గోడ తెల్లబడుతుంది, కడగని చోట మసి బొమ్మై నిలుస్తుంది. కొన్నేళ్లకు చుట్టూ మళ్లీ మసి పట్టి బొమ్మలు మాసిపోతాయని తెలిసే చేశాడు. మా నాలాకు మసికి, నాచుకు కొరత లేదు. అలా చేస్తామంటే బకెట్లు మేమే మోస్తాం. వరద గీతలనే బొమ్మగా చేయొచ్చు కూడా. ఏ ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో నాలుగు రంగుల్లో చూపిస్తే అంతకన్నా మా బస్తీ బొమ్మ ఇంకేముంటుంది? నేను కళాకారుణ్ణి కాను, తోచింది చెప్పాను.

అధికారులకు లండన్ అంటే గౌరవం ఎక్కువ కాబట్టి ఆ ముచ్చటా చెప్తాను. థేమ్స్ నదిలో బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర 1864లో తెరిచిన పాత రైలు వంతెన ఉండేది. బరువు మోయలేదని 1985లో పైభాగం తీసేశారు. ఎర్ర రంగు స్తంభాలు మాత్రం నీళ్లలో వరసగా ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, ఏమీ మోయకుండా. ఒడ్డున గోడ మీదున్న పాత రైల్వే కంపెనీ గుర్తును శుభ్రం చేసి అక్కడే ఉంచారు. దాని మీద ఇంకో బొమ్మ వేయలేదు. ఇక మన రాజమండ్రిలో 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసిన హేవ్‌లాక్ వంతెన సంగతి తెలుగువాళ్లందరికీ తెలుసు, దాన్ని ఏం చేయాలన్న మాటలు ఏళ్ల తరబడి నడిచాయి. మాది అంత గొప్ప వంతెన కాదు. రెండు ఖంబాలు. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కింద ఏ జాబితాలోనూ దాని పేరు లేదు. జాబితాలో లేనిదాన్ని ఏమైనా చేయొచ్చన్న ధైర్యమే ఇక్కడిదాకా తెచ్చింది.

మా డిమాండ్లు ఇవి. మొదటి రెండూ ఈ మృగశిర లోపు జరగాలి. మిగతావాటికి తొందరపెట్టం.

1. కరెంటు పెట్టెను ఒడ్డు మీదికి, 2020 గీత కన్నా పైకి మార్చాలి. మార్చేదాకా వానాకాలమంతా ఆ లైట్లకు కనెక్షన్ తీసేయాలి. లైట్లు లేకపోతే మాకేం చీకటి కాదు.

2. ఎర్ర పట్టీ, 2000 గీత, 2020 గీత మళ్లీ వేయాలి, పోయిన ఏడాది గీత కొత్తగా వేయాలి. అంచనాగా కాదు, లెవెల్ మిషన్‌తో కొలిచి, రాత్రి టార్చి వెలుతురుకు మెరిసే రంగుతో. రాళ్ల వరుసలు ఇంకా ఉన్నాయి కాబట్టి పని కష్టం కాదు. రంగు కింద అతుకులు కంటికి కనబడవు, వేలితో తడిమి లెక్కపెట్టాలి. నాయన నోట్‌బుక్కు తెస్తాను, పక్కనే నిలబడతాను. నోట్‌బుక్కు మాత్రం ఇవ్వను, జిరాక్సు ఇస్తాను. అంకెలు తెలుగువాళ్లూ ఉర్దూవాళ్లూ ఇద్దరూ చదివేలా ఉండాలి. బస్తీలో సగం ఇళ్లు ఉర్దూవాళ్లవి.

3. "19" దగ్గర ఆగిపోయిన పాత గీతకు ఎవరూ సొంతంగా సంవత్సరం తగిలించవద్దు. టూరిజం బోర్డుల మీద 1908 అని రాస్తే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. చెక్కిన గాడి రంగు కింద ఇంకా ఉంటే జాగ్రత్తగా రంగు తీసి, ఉన్నది ఉన్నట్టు వదిలేయండి.

4. పలక తీసి మళ్లీ చెక్కించాలి, లేదా తీసేసి ఊరుకోవాలి. రెండోదైనా మాకు సంతోషమే. ఇకపై నగరంలో రాయి మీద, లోహం మీద ఏ తెలుగు చెక్కాలన్నా ముందు దాన్ని కాగితం మీద ప్రింటు తీసి, ఆ చోటే వారం రోజులు అతికించండి. దారినపోయేవాళ్లు చదువుతారు, తప్పుంటే చెప్తారు. ప్రింటుకు పది రూపాయలు.

5. పాత రాతి కట్టడం దేని మీదైనా ఇసుక ఊదే ముందు, ఉలి పెట్టే ముందు, అన్నివైపులా ఫొటోలు తీసి దాని మీద ఏమేం రాసుందో రాసుకోవాలి. ఆ చుట్టుపక్కల పదిమందిని అడగాలి. ఆ కాగితం లేనిదే వర్క్ ఆర్డర్ ఇవ్వకూడదు. సిమెంటు తీసి సున్నంతోనే అతుకులు నింపడం కూడా ఇందులో చేర్చండి.

6. ఈ ఖంబాలు ఎవరివో ఒక్క ఆఫీసు లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. నాలుగో అర్జీ ఎవరికివ్వాలో మాకు తెలియాలి కదా.

మొదటి రెండూ మృగశిర లోపు కాకపోతే ఆ ఆదివారం మేమే నాలాలోకి దిగుతాం. నిచ్చెన ఉంది, ఎర్ర రంగు కొన్నాను. ఇంజన్ బొమ్మ మీదుగా తొమ్మిదో వరుసకు పట్టీ వేస్తాం. ప్రభుత్వ ఆస్తికి నష్టం అని కేసు పెడతారని కొందరు భయపెడుతున్నారు. పెట్టినా సరే, పట్టీ చెరపకండి. కనీసం అక్టోబర్ దాటేదాకా.

ఇట్లు,
నాలా ఒడ్డు బస్తీవాసుల తరఫున
ఒక గ్యాంగ్‌మన్ కొడుకు

తా.క.: కొత్త పలక చెక్కించేటట్టయితే ఫైలు ముందు నాకు పంపండి. ప్రూఫ్ ఫ్రీగా చూసిపెడతాను. పంపేటప్పుడు వాట్సాప్ మెసేజ్‌గా కాదు, పీడీఎఫ్ చేసి పంపండి.